రెండేళ్లు ఫెయిరీ ష్రింప్ పెంచాక: వాటి టైం వాటిదే

ముందు ఒక మాట వెనక్కి తీసుకోవాలి. ఫెయిరీ ష్రింప్ అంటే చేపలకి ప్రాణమున్న మేతగా పెంచే, రొయ్యని పోలిన బుల్లి ప్రాణి. ఆర్టీమియా కూడా అలాంటి మేతే. ఫెయిరీ ష్రింప్ మొదలుపెట్టిన తొలి మూడు నెలల్లో, చేపలు పెంచే స్నేహితులు ఎవరు కనిపించినా “ఆర్టీమియా మానేసి ఇవి పెట్టండి, ఉప్పునీళ్ల గోల వదిలిపోతుంది” అని ఊదరగొట్టేశాను. ఇద్దరు నా మాట నమ్మి మొదలుపెట్టారు కూడా. ఇప్పుడు అదే మాట మళ్లీ అనమంటే అనను. పూర్తిగా తప్పని కాదు, సగమే నిజమని.

నిజమైన సగం ముందు చెప్పేస్తాను. ఆర్టీమియా ఉప్పునీటి ప్రాణి. మంచినీళ్ల ట్యాంకులో వేస్తే కొన్ని గంటలు తిరిగి, చచ్చి అడుక్కి చేరుతుంది. చేప తినకపోతే అక్కడే కుళ్లుతుంది. ఫెయిరీ ష్రింప్ పుట్టిందే మంచినీళ్లలో. పొద్దున ఇరవై వేస్తే సాయంత్రానికి మొక్కల చాటున నాలుగైదు ఇంకా తిరుగుతూ ఉంటాయి. మర్నాటికి వాటి వంతూ వస్తుంది. ఒక రోజు ఇంట్లో ఉండకపోతే కాసిన్ని ఎక్కువ వదిలేసి వెళ్లడం నాకు అలవాటైపోయింది. ఈ ఒక్క విషయంలో నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు.

నా గొడవంతా గుడ్ల దగ్గరే.

ఇవి వానకు నిండి, కొన్ని వారాల్లో ఎండిపోయే గుంటల్లో బతికే ప్రాణులు. గుంట ఎండాక గుడ్లు బురదలోనే ఉండిపోతాయి, ఏళ్లు గడిచినా చెడవు. మళ్లీ నీళ్లు తగిలితే చిట్లుతాయి, కానీ అన్నీ ఒకేసారి కాదు. ఒకే తల్లి పెట్టిన గుడ్లలో కొన్ని ఈ వానకు, కొన్ని వచ్చే వానకు, కొన్ని ఆపై వానకు. మొదటి వాన మోసం చేసి నాలుగు రోజుల్లో గుంట ఎండిపోతే తొందరపడ్డవి పోతాయి, ఆగినవి వంశం నిలబెడతాయి. వాటికది బీమా. నాకది బీపీ. ఈసారి వేసిన గుడ్లలో సగం వస్తాయో పదో వంతు వస్తాయో, 20 గంటల్లో వస్తాయో మూడో రోజుకి వస్తాయో ముందుగా పట్టుకునే మార్గం నాకు ఇప్పటికీ దొరకలేదు. నా దగ్గరున్నవి స్ట్రెప్టోసెఫాలస్ సిరింధోర్నే అనే జాతి. 2000లో శాస్త్రవేత్తలు థాయ్‌లాండ్ యువరాణి పేరు దీనికి పెట్టారు. ఆ పేరు పెట్టుకున్నందుకేమో, పిలవగానే రావు.

మొదటి మూడుసార్లు మాత్రం పిలవగానే వచ్చాయి. అదే నన్ను ముంచింది. రాత్రి తడిపితే మర్నాడు రాత్రికల్లా టార్చి వెలుగులో తెల్లటి చుక్కలు గంతులేస్తూ కనిపించేవి. 24 గంటలు, మహా అయితే 30 అని బుర్రలో రాసేసుకున్నాను.

ఆ ధీమాతోనే ఒక శనివారం బెట్టా చేపల జంటను కలిపాను. సాయంత్రానికి గుడ్లు పెట్టాయి. సోమవారం పొద్దున పిల్లలు బయటికొచ్చి నురగ గూడు కింద తోకలు వేలాడేసుకుని బారుగా కనిపించాయి. వంద పైనే ఉంటాయి. కడుపులో ఉన్న సొనతో మరో రెండు మూడు రోజులు గడిచిపోతుంది. అది అయిపోయి, అడ్డంగా ఈదడం మొదలెట్టగానే కదిలే తిండి కావాలి. లెక్క తేలికే. మంగళవారం రాత్రి ఫెయిరీ ష్రింప్ గుడ్లు తడిపాను. ఆర్టీమియా డబ్బా అంతకు నెల ముందే అయిపోయింది. మళ్లీ తెప్పించలేదు, ఇక ఎందుకు అని.

బుధవారం రాత్రి టార్చి వేసి చూస్తే ఏమీ లేదు. పడుకునే ముందు ఇంకోసారి చూశాను. గురువారం పొద్దున పిల్లలు అడ్డంగా ఈదుతున్నాయి, గుడ్ల ట్రేలో అదే నిశ్శబ్దం. సాయంత్రం ట్రేని తెల్ల పళ్లెంలోకి వంపి, భూతద్దం పెట్టి వెతికాను. ఆరు. లెక్క తప్పు కాదు, ఆరే. వంద నోళ్లకి ఆరు.

ఆర్టీమియాతో పొట్ట నిండిన బెట్టా పిల్లకి కళ్ల వెనక నారింజ రంగు చుక్క ఒకటి కనిపిస్తుంది. ఖాళీ కడుపు పిల్లకి అక్కడ లోపలికి పీక్కుపోయి, తల ఒక్కటే పెద్దగా, ఒంటికి అతికించినట్టు ఉంటుంది. శుక్రవారానికి నా ట్యాంకు నిండా అవే. ఏం చేయాలో తోచక ఉడికిన గుడ్డు పచ్చసొన గుడ్డలో పిండి, ఆ నీళ్లు వేశాను. తినేదానికన్నా అడుక్కి దిగిందే ఎక్కువ. రాత్రికి నీళ్లు మజ్జిగలా అయ్యాయి, వాసన కొట్టింది. ఆదివారానికి మిగిలినవి పద్నాలుగు.

తప్పంతా గుడ్లదేనా అంటే కాదు. వాననీళ్ల సీసా నిండుకుందని ఆ రోజు కుళాయి నీళ్లు పట్టి, ఒక రోజు నిలవ ఉంచి వాడాను. క్లోరిన్ పోతే చాలనుకున్నాను. తర్వాత టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నున్నాయో చెప్పేది) ముంచితే 310 చూపించింది. వాననీళ్లయితే నా దగ్గర 20 దాటదు. ఎండిన గుంటలోకి వచ్చే కొత్త నీళ్లలో లవణాలు తక్కువ. గుడ్డు ఎదురుచూసే సంకేతాల్లో అదొకటి. అది లేకపోతే గుంటలో ఇంకా పాత నీళ్లే ఉన్నాయనుకుని కదలదు. వెలుతురూ కావాలి, వెచ్చదనమూ కావాలి. సరే, ఇదంతా తెలిసొచ్చాక అదే పొట్లంలోంచి ఇంకో చిటికెడు తీసి, వాననీళ్లలో లైటు కింద పెట్టాను. వచ్చాయి. కానీ తొలిరోజుల్లో పిలవగానే వచ్చిన వాటిలో మూడో వంతు కూడా లేవు. సగం తప్పు నాది, మిగతా సగం వాటి స్వభావం. ఆ రెండో సగానికి మందు లేదు.

ఆ కుళాయి నీళ్ల ట్రే సంగతి చెప్పాలి. కోపంతో నీళ్లు పారబోసి, కడక్కుండానే కిటికీ పక్కన పడేశాను. అడుగున మట్టిరంగు పొర ఒకటి ఎండి అంటుకుపోయింది. మూడు వారాల తర్వాత కడుగుదామని తీసి, నానితే తేలిగ్గా వస్తుందని చేతికందిన వాననీళ్లు పోసి మర్చిపోయాను. రెండో రోజు చూస్తే ట్రే ఉడుకుతున్నట్టు కదులుతోంది. వందల్లో ఉన్నాయి. నా బెట్టా పిల్లలకి అవసరమైనప్పుడు ఆరు ఇచ్చిన గుడ్లే! నవ్వాలో ఏడవాలో తెలీలేదు. అప్పటికి ఆ పద్నాలుగు బెట్టాలు పొడి మేత తినేంత పెద్దవయ్యాయి.

ఆ బ్యాచ్‌ని తినిపించడానికి మనసొప్పక 20 లీటర్ల టబ్బులో పెంచాను. అప్పుడే వీటిని మొదటిసారి తీరిగ్గా చూశాను. వెల్లకిలా ఈదుతాయి. పొట్ట మీద పదకొండు జతల కాళ్లు గాలికి వరిచేను ఊగినట్టు ఒక కొస నుంచి ఇంకో కొసకి అలగా కదులుతాయి. నడకా, ఊపిరీ, తిండి వడకట్టుకోవడం అన్నీ ఆ కాళ్లతోనే. గది లైటు ఆపేసి గాజు జాడీ కింద నుంచి టార్చి వేస్తే అన్నీ ఒక్కసారిగా తిరగబడతాయి. వెలుతురు ఎటుంటే పొట్ట అటు. ఇంటికొచ్చిన పిల్లలందరికీ ఇది చూపించాను. పదో రోజుకి ఆడవాటి తోక మొదట్లో గుడ్ల సంచి కనిపించింది. “వారంలో పెద్దవైపోతాయి” అని కూడా ఒకప్పుడు చెప్పుకు తిరిగాను. వేడి రోజుల్లో దాదాపు నిజమే. చలికాలంలో రెండు వారాలు దాటింది.

తిండి విషయంలో పెద్ద రహస్యం ఏమీ లేదు. ఎండలో పెట్టి నాచుతో పచ్చబడిన నీళ్లు (పచ్చనీళ్లు), లేదంటే స్పిరులీనా అనే ఎండు నాచు పొడి నీళ్లలో కలిపి. పొద్దున వేసిన పచ్చదనం సాయంత్రానికి పోయి నీళ్లు తేటపడితే సరిపోయినట్టు. ఒకసారి పచ్చనీళ్లు లేవని ఈస్ట్ వేసి, చేయి కాస్త ఎక్కువ జారింది. తెల్లారేసరికి టబ్బంతా ఖాళీ. అంతకంటే దాని గురించి రాయాలని లేదు.

పెద్ద చేపలకి మాత్రం దీన్ని మించింది నా చేతికి రాలేదు. పైన గట్టి పెంకు ఉండదు కాబట్టి చిన్న నోటి చేప కూడా ఒక్క గుటకలో మింగేస్తుంది. జత కట్టించే ముందు వారం పది రోజులు ఇవే పెడితే ఆడ బెట్టాల పొట్టలు నిండుగా కనిపిస్తున్నాయి. ఒకటే ఇబ్బంది, రుచి మరిగాయి. నా ముసలి మగ బెట్టా అయితే మేత గుళిక నోట్లోకి తీసుకుని, నా కళ్లల్లోకి చూస్తూ ఉమ్మేస్తుంది. ఇంకో జాగ్రత్త: ట్యాంకులో రాగి ఉన్న మందు వేసి ఉంటే ఇవి వదలకండి, బతకవు.

ఇప్పుడు నేను చేసేది ఇది. గుడ్లున్న టబ్బు అడుగు మట్టిని నీడలో ఆరబెట్టి, చిన్న కాగితం పొట్లాలు కట్టి తేదీ రాస్తాను. అవసరం ఉన్నా లేకున్నా వారానికొకటి తడుపుతాను. ఒక వారం మొండికేసినా పాత వారానివి ఉంటాయి కనుక టెన్షన్ లేదు. చిట్లకుండా మిగిలిన మట్టిని పారేయను, మళ్లీ ఆరబెడతాను. ఒక పొట్లం నాలుగోసారి తడిపినప్పుడు కూడా ఇచ్చింది.

మీకు పనికొస్తాయా అంటే చెప్పలేను. నేను ఇంటి నుంచే పని చేస్తాను, మేడ మీద వాననీళ్లు పట్టుకునే వీలుంది, ఉన్నవి నాలుగు చిన్న ట్యాంకులు. పొద్దున పోయి రాత్రి వచ్చేవాళ్లకి ఈ పచ్చనీళ్లు, పొట్లాలు విసుగు తెప్పించవచ్చు. వందల్లో పిల్లలు తీసేవాళ్లయితే వీటిని నమ్ముకుని రోజు లెక్క పెట్టుకోకండి. నా మాట విని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు రెండో నెలలోనే మానేశారు, ఇంకొకరు నాకంటే బాగా పెంచుతున్నారు.

నిన్న పొద్దున తడిపిన పొట్లంలో ఇప్పటికి తొమ్మిది కనిపిస్తున్నాయి. ఆర్టీమియా డబ్బా మళ్లీ ఫ్రిజ్ తలుపులోకి చేరింది.