సన్నాహక కోర్సు ఏడాదిదా, వారాలదా, చదువుతోపాటు నడిచేదా: ఏది మేలు?

బడిలో హోంవర్క్ చేయకపోతే మర్నాడే పట్టుబడతాం. విశ్వవిద్యాలయంలో అదే సంగతి ఆరేడు వారాల తర్వాత, మొదటి పరీక్ష మార్కులు వచ్చినప్పుడు బయటపడుతుంది. ఈలోగా నోటుపుస్తకం చూపించమని ఎవరూ అడగరు, ఇంటికి కబురు పంపరు. మొదటి ఏడాది తడబడేవాళ్లకు తెలివి తక్కువని నేననుకోను. అడిగేవాళ్లు లేకపోవడాన్ని సెలవులా భావించి మోసపోయినవాళ్లే వాళ్లలో చాలామంది.

ఈ తడబాటు తగ్గించడానికి మూడు దారులున్నాయి. ప్రవేశానికి ముందు ఏడాది చదివించడం ఒకటి, తరగతులు మొదలయ్యే ముందు కొన్ని వారాలు క్యాంపస్‌లో ఉంచి అలవాటు చేయడం మరొకటి, మొదటి ఏడాది పాఠాలతోపాటే అదనపు తోడ్పాటు ఇవ్వడం మూడోది. చిక్కేమిటంటే మూడింటినీ ‘బ్రిడ్జి కోర్సు’ అనే ఒక్క మాటతో సరిపెట్టేస్తారు. వంతెన అన్నాక అవతలి గట్టు ఎంత దూరమో ముందు చూడాలి కదా.

ఏడాది కోర్సుకు మంచి ఉదాహరణ జర్మనీలోని స్టూడియెన్‌కొల్లెగ్. స్వదేశపు పాఠశాల చదువు నేరుగా ప్రవేశానికి సరిపోని విదేశీ విద్యార్థులు ఇక్కడ సాధారణంగా రెండు సెమిస్టర్లు చదువుతారు. ఇంజినీరింగ్ వైపు వెళ్లేవాళ్లకు టి-కోర్సు, వైద్యం, జీవశాస్త్రాల వైపు వెళ్లేవాళ్లకు ఎం-కోర్సు. అన్నింటిలోనూ జర్మన్ భాష ఉంటుంది. చివర ఫెస్ట్‌స్టెల్లుంగ్స్‌ప్రూఫుంగ్ అనే పరీక్ష. ఆ పేరు తడబడకుండా పలికితే సగం భాష వచ్చినట్టే! మన ఐఐటీల్లోనూ ఇలాంటిది ఉంది. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగుల కోటాల్లో సీట్లు మిగిలినప్పుడు, కటాఫ్‌కు కొంచెం దిగువన నిలిచినవాళ్లకు ఏడాది సన్నాహక కోర్సు ఇస్తారు. అందులో ఉత్తీర్ణులైతే మళ్లీ జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయనక్కర్లేదు, మరుసటి ఏడాది బీటెక్ మొదటి సంవత్సరంలో చేరిపోవచ్చు.

దీని బలం సమయమే. పరాయి భాషలో గంటసేపు ఉపన్యాసం విని నోట్సు రాసుకోవడం, పునాది లేని కలన గణితాన్ని (కాలిక్యులస్) మొదటినుంచి కట్టుకోవడం వారాల్లో అయ్యే పనులు కావు. నష్టాలూ చిన్నవి కావు. ఒక ఏడాది పోతుంది, తోటివాళ్లు ముందుకు వెళ్లిపోతారు. జర్మనీలోనైతే ఏ కోర్సు ఎంచుకుంటే దానికి సంబంధించిన శాఖల్లోనే ప్రవేశం, కాబట్టి మనసు మారితే దారి మార్చుకోవడం తేలిక కాదు. పైగా కోర్సు ముగిసిన మర్నాటి నుంచి విద్యార్థి మళ్లీ ఒంటరే.

వారాల కోర్సుల్లో రెండు రకాలు కనిపిస్తాయి. మన ఇంజినీరింగ్ కళాశాలల కోసం సాంకేతిక విద్యను పర్యవేక్షించే జాతీయ మండలి ఏఐసీటీఈ రూపొందించిన మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రాంలో వ్యాయామం, కళలు, మానవ విలువలపై చర్చలు, ప్రముఖుల ప్రసంగాలు, చుట్టుపక్కల ప్రాంతాల సందర్శన, విభాగం పరిచయం ఉంటాయి. బెరుకు పోగొట్టడానికి మంచి ఏర్పాటే, నిర్వహించేవాళ్లు దాన్ని ప్రసంగాల పరంపరగా మార్చకపోతే. అయితే గణితంలో వెనకబడినవాడు మూడు వారాల తర్వాత కూడా గణితంలో వెనకబడే ఉంటాడు, కాకపోతే నవ్వుతూ ఉంటాడు.

అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయపు బాల్టిమోర్ కౌంటీ క్యాంపస్‌లో 1988లో మొదలైన మేయర్‌హాఫ్ స్కాలర్స్ కార్యక్రమం రెండో రకం. అందులోనూ మొదటి ఏడాదికి ముందు వేసవిలో ఆరు వారాల బ్రిడ్జి ఉంది. కలిసి ఉంటారు, గణితం, సైన్సు చదువుతారు. కానీ అసలు సంగతి ఆ వేసవి తర్వాత ఉంది. అదే బృందం డిగ్రీ పూర్తయ్యేదాకా కలిసి చదువుకోవాలని, వెనకబడితే దాచుకోకుండా అడగాలని ఆ వారాల్లోనే అలవాటు చేస్తారు. అంటే ఆ ఆరు వారాలు నాలుగేళ్లకు నాట్లు వేయడం లాంటివి.

మూడో దారి గురించి చెప్పాలంటే అమెరికా గణిత అధ్యాపకుడు యూరి ట్రైస్‌మన్ దగ్గరికి వెళ్లాలి. 1970లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ క్యాంపస్‌లో పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు, కలన గణితంలో నల్లజాతి విద్యార్థులు ఎందుకు తప్పుతున్నారో, చైనా మూలాల విద్యార్థులు ఎందుకు నెగ్గుతున్నారో ఆయన దగ్గరుండి గమనించారు. పట్టుదల లేదనీ, ఇంట్లో ప్రోత్సాహం లేదనీ అందరూ చెప్పే కారణాలేవీ నిలవలేదు. తప్పినవాళ్లూ గంటల తరబడి చదువుతున్నారు, కానీ ఒంటరిగా. నెగ్గినవాళ్లు తమంతట చదివాక ఒకచోట చేరి జవాబులు పోల్చుకుంటున్నారు, ఎక్కడ తప్పారో ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. దాన్ని చూసి ఆయన నడిపిన వర్క్‌షాపుల్లో తేలిక లెక్కలు ఇవ్వలేదు. తరగతిలో కంటే కష్టమైనవి ఇచ్చి, నలుగురైదుగురిని కూర్చోబెట్టారు. చేరినవాళ్ల ఫలితాలు స్పష్టంగా మెరుగయ్యాయి. ‘నువ్వు బలహీనుడివి, అందుకే ఇక్కడ ఉన్నావు’ అనే ముద్ర లేకపోవడం కూడా అందుకు తోడ్పడిందని నా నమ్మకం. దక్షిణాఫ్రికాలో మూడేళ్ల డిగ్రీని నాలుగేళ్లకు విస్తరించి, పునాది పాఠాలను మధ్యలో కలిపే పద్ధతి కూడా ఈ కోవలోదే. లోపం ఒక్కటే: రోజువారీ చదువు మీద మరో బరువు పడుతుంది. భాషే రానివాడికి ఇది సరిపోదు.

మూడింటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను చాలామందికి మూడోదే చెబుతాను. ఇబ్బంది మొదలయ్యేది సెమిస్టర్ నడుమ, అప్పుడు పక్కన ఉండేది అదొక్కటే. కానీ మీ సంగతి తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. చేరబోయే కోర్సు మొదటి సెమిస్టర్ ప్రశ్నపత్రం సంపాదించి ఒక సాయంత్రం దానితో కూర్చోండి. ప్రశ్నలోని మాటలే అర్థం కాకపోతే ఏడాది కోర్సుకు సిగ్గుపడనక్కర్లేదు, ఆ ఏడాది వృథా కాదు. ప్రశ్న అర్థమై, సగం దారిలో ఆగిపోతే మీకు కావలసింది కలిసి చదివే నలుగురు. లెక్కలన్నీ అయిపోయి, కొత్త చోటంటేనే గుబులుగా ఉంటే మూడు వారాలు చాలు.

ఏ కోర్సులో చేరినా, డబ్బు కట్టే ముందు నిర్వాహకులను ఒక మాట అడగండి: తరగతులు మొదలైన ఏడో వారంలో మా అబ్బాయినో అమ్మాయినో పిలిచి ఎలా ఉన్నావని అడిగే మనిషి ఎవరు, ఆ మనిషి పేరేమిటి?