విశాఖ ఉక్కపోతలో మ్యూయాన్ డిటెక్టర్ కిట్: ఒకటి చాలదు, రెండు కొనండి

మ్యూయాన్లంటే అంతరిక్ష కిరణాలు పై వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు పుట్టి నేలదాకా దూసుకొచ్చే సూక్ష్మ కణాలు. వాటిని లెక్కపెట్టేందుకు, అమెరికాలోని ఎంఐటీలో పుట్టిన కాస్మిక్ వాచ్ నమూనాను అనుసరించిన కిట్ ఇది. 5×5 సెంటీమీటర్ల ప్లాస్టిక్ సింటిలేటర్ (కణం దూరితే మెరిసే పలక), మందం 1 సెంటీమీటరు. అందులో పుట్టే మెరుపును పట్టే సెన్సర్ సిలికాన్ ఫొటోమల్టిప్లయర్, లెక్కపెట్టే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డునో నానో. సోల్డరింగ్ వచ్చినవాళ్లకు బోర్డు పని తేలికే.

కష్టమంతా చుట్టడంలో ఉంది. సింటిలేటర్‌ను వట్టి చేత్తో ముట్టుకోవద్దు, వేలిముద్రల జిడ్డు వెలుగును తినేస్తుంది. సెన్సర్‌కూ ప్లాస్టిక్‌కూ మధ్య ఆప్టికల్ జెల్ పలచగా, గాలి బుడగ లేకుండా పరవాలి. పైన అల్యూమినియం ఫాయిల్ (సెన్సర్ కాళ్లకు తగిలితే షార్టే), ఆపైన నల్ల టేపు రెండు మూడు పొరలు. మన తేమకు టేపు మూలల్లో లేస్తుంది. టార్చ్ వేసి చూడండి: లెక్క ఎగబాకితే వెలుగు దూరుతున్నట్టే.

సముద్రమట్టంలో చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు 1 మ్యూయాన్. అంటే ఈ పలకకు 25 దాకా. అంతకు మించి చూపిస్తే మురిసిపోకండి. వేడికి సెన్సర్ నాయిస్ (ఉత్తుత్తి లెక్కలు) పెరుగుతుంది, భీమిలి ఇసుకలోని రేడియోధార్మిక ఖనిజం మోనజైట్ వదిలే గామా కిరణాలూ కలుస్తాయి. మ్యూయాన్ రెండు పలకల్నీ దాటిపోగలదు, ఇవి రెండింట్లో ఒకేసారి పడటం అరుదు. అందుకే రెండు కిట్ల పెట్టెలు ఒకదానిపై ఒకటి పెట్టి, రెండూ ఒకేసారి స్పందించినవే లెక్కించాలి. ఏటవాలుగా వచ్చే మ్యూయాన్లు తక్కువ కాబట్టి, జతను నిలువు నుంచి 60 డిగ్రీలు వంచితే లెక్క దాదాపు నాలుగో వంతుకు దిగాలి. 400 మ్యూయాన్లు పోగైతే పొరపాటు 5 శాతమే.

గాలిజల్లు (ఒకే అంతరిక్ష కిరణం నుంచి ఒక్కసారిగా కురిసే కణాల గుంపు) పట్టాలంటే పెట్టెల్ని కొన్ని మీటర్ల ఎడంగా, పక్కపక్కన ఉంచండి. రెండూ ఒకేసారి స్పందించడం అరుదు, రోజుల తరబడి నడపాలి.