తాటిచెట్టుకు సీషెల్స్‌లో ఓ చుట్టం

హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల్లో పెరిగే కోకో డి మేర్‌కు జంట కొబ్బరి అని పేరు. ఆ పేరు వినగానే కొబ్బరిచెట్టు తోబుట్టువనుకుంటాం. నిజానికి కోకో డి మేర్ దగ్గరి చుట్టం మన తాటిచెట్టు. రెండింటికీ విసనకర్రలాంటి ఆకులే, రెండింట్లోనూ పోతుచెట్టు వేరు, పెంటిచెట్టు వేరు. లేత కాయలో జున్నులాంటి ముంజ కూడా ఉంటుంది.

తేడా అంతా కాయ దగ్గరే. తాటికాయ వేసవిలో ముంజ, వానాకాలానికి పండు. కోకో డి మేర్ కాయ పండడానికి ఆరేడేళ్లు! దాని గింజ లోకంలోకెల్లా పెద్దది, 17 కిలోలు దాటినవీ ఉన్నాయి. పచ్చి గింజ సముద్రంలో మునిగిపోతుంది, అందుకే ఆ చెట్టు సహజంగా సీషెల్స్‌లోని ప్రాలిన్, క్యూరియస్ దీవుల పరిసరాలు దాటి ఎక్కడా పెరగలేదు. లోపలి గుజ్జు కుళ్లిన డొల్లలు మాత్రం తేలుతూ మాల్దీవుల దాకా కొట్టుకొచ్చేవి. చెట్టును చూడనివాళ్లు అది సముద్రం అడుగున కాస్తుందనుకున్నారు. ఆ డొల్లలే మన సాధువుల చేతుల్లో కమండలాలయ్యాయి.

మొలకెత్తే తీరు మళ్లీ ఒకటే: గింజ నుంచి తాడులాంటి మొలక నేలలోకి దిగి, దూరంగా మొక్క లేస్తుంది. మనం ఆ దశలోనే తాటిమొలకను తవ్వి, తేగలుగా కాల్చుకు తినేస్తాం.

కల్లు, బెల్లం, తేగ... వాడకంలో తాడికే నా ఓటు. వింతలో మాత్రం దీవి చెట్టుదే పైచేయి. అది పెరిగే, ప్రాలిన్ దీవిలోని వాలీ ద మే లోయను యునెస్కో 1983లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అనుమతి పత్రం లేనిదే కాయ దేశం దాటదు.