నీరెండా, నీడపట్టా? పిల్లల సీనియర్ ఫొటోలకి ఏది మేలు

మా డాలస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో పిల్లలు పన్నెండో క్లాసుకి వచ్చారంటే కాలేజీ అప్లికేషన్ల టెన్షన్‌తో పాటు ఇంకో హడావిడి మొదలవుతుంది, సీనియర్ ఫొటోలు. ఇయర్‌బుక్‌లోకి వెళ్లే ఫొటోని చాలా చోట్ల స్కూలు పెట్టుకున్న స్టూడియోనే తీస్తుంది, అమ్మాయిలకి భుజాల చుట్టూ కప్పే నల్ల డ్రేప్, అబ్బాయిలకి టక్సీడో, అందులో మనం చేసేదేమీ లేదు. గ్రాడ్యుయేషన్ కార్డు మీద వేసుకునేవి, హాల్లో గోడకి పెట్టుకునేవి, ఇండియాలో అమ్మమ్మకి పంపేవి మాత్రం ఆరుబయట తీసినవే. ఫొటోగ్రాఫర్‌ని పిలిస్తే కొన్ని వందల డాలర్లు అవుతాయి కాబట్టి ఇంట్లో ఓ మాదిరి కెమెరా ఉన్నవాళ్లు మనమే తీసుకుందాం అనుకుంటారు. అనుకోగానే వచ్చే ప్రశ్న, సాయంత్రం నీరెండలో తియ్యాలా, లేక ఎక్కడైనా నీడపట్టున నిలబెట్టి తియ్యాలా?

నేను రెండూ చేశాను. మా పెద్దమ్మాయివి నీరెండలో తీశాను, మూడేళ్ల తర్వాత మా చిన్నోడివి నీడలో. ఒక్కటే ఎంచుకోమంటే నీడే అంటాను. పొద్దు గుంకే ముందు గంటని గోల్డెన్ అవర్ అని అందరూ అంతలా చెప్తుంటే ఇదేంటి అనిపించొచ్చు, కాస్త వివరంగా చెప్తాను.

ముందు నీరెండ సంగతి. దాని అందాన్ని తక్కువ చెయ్యను. మన చామనఛాయకి పొద్దువాలే వేళ వెలుతురు నప్పినట్టు ఇంకేదీ నప్పదు. ఆ రోజు మా అమ్మాయి లంగా ఓణీలో ఉంది. సూర్యుడు దాని వీపు వైపు ఉండేలా నిలబెట్టాను. ఓణీ పల్చగా ఉంటుంది కదా, వెనకనుంచి ఎండ పడేసరికి చెంగు మొత్తం లోపల దీపం పెట్టినట్టు వెలిగింది, జడలోంచి జారిన వెంట్రుకల చుట్టూ బంగారు గీత. అలాంటిది నీడలో ఎంత తంటాలు పడినా రాదు. ఒక్క జాగ్రత్త చాలు, వెనక వెలుతురు ఎక్కువగా ఉంది కాబట్టి కెమెరా దాన్ని చూసి ముఖాన్ని నల్లగా చేసేస్తుంది. ఎక్స్‌పోజర్‌ని ఒక స్టాపు (అంటే వెలుతురు రెట్టింపు), ఒకటిన్నర స్టాపు పైకి జరపాలి, ఆకాశం తెల్లబడిపోయినా ఫరవాలేదు, ముఖం ముఖ్యం.

చిక్కంతా టైముతో వస్తుంది. గోల్డెన్ అవర్ అంటాం గానీ అందులో మనకి నిజంగా పనికొచ్చేది అరగంటే. ఇక్కడ సాయంత్రం సూర్యుడు గంటకి సుమారు 12 డిగ్రీల చొప్పున కిందికి దిగుతాడు, అంటే 6 డిగ్రీల ఎత్తు నుంచి నేలని తాకడానికి 30 నిమిషాలు. అదీ పడమటి వైపు ఏ అడ్డూ లేకపోతే. మేం వెళ్లింది ఆగస్టు నెల మధ్యలో, డాలస్‌లో అప్పుడు 8:10 ప్రాంతంలో పొద్దు గుంకుతుంది. పార్కులో పడమర వైపు చెట్ల వరసుంది, నేను ముందురోజు వెళ్లి చూసుకున్నాను కూడా, కానీ పొద్దు ఆ చెట్ల వెనక్కి ఎన్నింటికి వెళ్తుందో చూసుకోలేదు. 7:40కి వెలుతురు అయిపోయింది! ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్, నుదుటి మీద చెమట మెరుపు, కారులో బట్టలు మార్చుకోవడాలు, కాళ్లకి దోమలు. "అమ్మా, అయిపోయిందా?" అని అది, "ఇటు తిరుగు, తొందరగా, వెలుతురు పోతోంది" అని నేను. దాదాపు రెండొందల ఫొటోలు తీస్తే నచ్చినవి నాలుగు. ఓణీ ఫొటో ఇప్పటికీ మా హాల్లో ఉంది, వచ్చినవాళ్లందరూ బావుందంటారు. కానీ ఆ నాలుగింటిలో ఒక్కదాంట్లో కూడా మా అమ్మాయి ఇంట్లో నవ్వే నవ్వు లేదు. నాకిప్పటికీ అదే బాధ.

చిన్నోడి వంతు వచ్చేసరికి అక్టోబరులో ఒక శనివారం మెకినీ పాత డౌన్‌టౌన్‌కి వెళ్లాం, ఇటుక గోడల భవనాలుంటాయి, వాటి మధ్య సందుల్లో మధ్యాహ్నం నాలుగింటికే మంచి నీడ. నీడంటే ఎక్కడి నీడైనా పనికొస్తుందనుకోకండి. చెట్టు కింద ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా ముఖం మీద పడితే దాన్ని ఎవరూ బాగుచెయ్యలేరు. మరీ లోపలికి వెళ్తే కళ్లు గుంటలు పడినట్టుంటాయి. నీడ అంచుకి రావాలి, ఎండ మొదలయ్యే గీతకి ఒకటి రెండడుగులు ఇవతల, ముఖం బయటి ఆకాశం వైపు ఉండాలి. నేను చేసే పరీక్ష ఒకటుంది. అరచెయ్యి ముఖం ఎత్తులో చాచి, దాన్నే చూస్తూ నిలబడ్డ చోటే నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి. ఒక వైపు తిరిగినప్పుడు వేళ్ల సందుల్లో నీడలు నల్లగా ఉంటాయి, ఇంకో వైపు వచ్చేసరికి అవి కరిగిపోయి చర్మం నున్నగా కనిపిస్తుంది. పిల్లాణ్ణి ఆ వైపుకి తిప్పి నిలబెట్టడమే.

మొదటి ఇరవై నిమిషాలు వాడు కర్రలా నిలబడ్డాడు. పదిహేడేళ్ల కుర్రాడు, బ్రేసెస్ తీసి అప్పటికి రెండు నెలలే, పెదాలు మూసుకుని నవ్వడం ఇంకా పోలేదు. నేనేం తొందరపెట్టలేదు, ఎందుకంటే 4:10కి ఉన్న వెలుతురే దాదాపు 5:30కీ ఉంది, కెమెరా సెట్టింగుల్ని 85 ఎంఎం లెన్సుతో ఎఫ్ 2.8, షట్టర్ సెకనులో 250వ వంతు, ఐఎస్ఓ 400 దగ్గర పెట్టాక మళ్లీ ఒకసారో రెండుసార్లో ముట్టుకున్నానంతే. మధ్యలో ఐస్‌క్రీం తిని వచ్చాం. వాడి ఫ్రెండు ఒకడు అటు వచ్చి నా వెనక నిలబడి ఏదో అన్నాడు, చిన్నోడు తల వెనక్కి వాల్చి పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. దొరికింది! ఆ ఫొటో కోసమే నేను నీడ వైపు ఓటేస్తాను. ఈ వయసు పిల్లలు కెమెరా ముందు కుదురుకోవడానికి టైము పడుతుంది, నీరెండ మనకి ఆ టైము ఇవ్వదు.

నీడకీ లోపాలున్నాయి. అక్కడ వెలుతురు నీలి ఆకాశం నుంచి వస్తుంది కాబట్టి కెమెరాని ఆటోలో వదిలేస్తే మన ఒంటిరంగు బూడిద పూసినట్టు వస్తుంది. రంగుల్ని సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ని షేడ్‌లో పెట్టండి, లేదా కెల్విన్ 7000 దగ్గర మొదలుపెట్టండి, కెమెరా చూసిందంతా దాచే రా ఫైల్‌లో తీస్తే తర్వాత సరిచేసుకోవచ్చు. రంగు సరిచెయ్యడం వేరు, తెల్లగా చెయ్యడం వేరు. పిల్లల ఫొటోల్లో చర్మాన్ని తెల్లబరచడం నేను చాలా ఇళ్లలో చూశాను, దయచేసి ఆ పని చెయ్యొద్దు, వాళ్లు దాన్ని మర్చిపోరు. ఇంకొకటి, పచ్చగడ్డి మీద నిలబెడితే ఆ పచ్చదనం గడ్డం కిందికి ఎక్కుతుంది. సిమెంటు నేల నయం, లేత రంగు నేలయితే వెలుతురు కిందనుంచి కళ్లలోకి కూడా కొడుతుంది. అది లేనిచోట డాలర్ షాపులో దొరికే తెల్ల ఫోమ్ బోర్డు చాలు, మా ఆయన నడుం ఎత్తులో పట్టుకుని నిలబడ్డారు, కళ్లలో చుక్క మెరిసింది.

కళ్లద్దాలున్న పిల్లలకి మాత్రం నీడ కాస్త కష్టం, ముందున్న తెల్లటి ఆకాశం మొత్తం అద్దాల్లో పడుతుంది. మా వాడికీ అద్దాలే. "నాన్నా, గడ్డం కొంచెం కిందికి" అని, చెవుల దగ్గర కాడల్ని ఒక్క రవ్వ పైకి లేపాను, అద్దం కిందికి వంగి ఆకాశం తప్పుకుంది. అద్దాలు తీసేసి తియ్యొచ్చు కదా అంటారేమో, రోజూ పెట్టుకునే పిల్లలు అవి లేకుండా వాళ్లలా ఉండరు.

మబ్బు పట్టిన రోజయితే ఇంత వెతుకులాటే అక్కర్లేదు, ఊరంతా నీడపట్టే. ఇంట్లో ఉత్తరం వైపు కిటికీ పక్కన కూర్చోబెట్టినా ముఖం చక్కగా వస్తుంది, వీణో వయొలినో నేర్చుకునే పిల్లలకి అది చాలా బావుంటుంది, కానీ ఫొటోలన్నీ కిటికీ దగ్గరే లాగించలేం.

నన్నడిగితే గంటన్నర నీడలో గడపండి. నవ్వులు, దగ్గరి ముఖాలు, ఫ్రెండ్స్‌తో దిగేవి అన్నీ అక్కడే. పిల్లలు వదులయ్యాక, చివరి ఇరవై నిమిషాలకి మాత్రమే లంగా ఓణీనో కుర్తానో వేయించి నీరెండలోకి తీసుకెళ్లండి. ప్లేనోలో ఆర్బర్ హిల్స్ లాంటి చోట ఎత్తుగా గడ్డి ఉన్న ఖాళీ జాగాలు దీనికి పనికొస్తాయి. అక్టోబరు మధ్యలో పొద్దు ఏడింటికి ముందే గుంకుతుంది, ఎండ వేడీ ఉండదు, చెట్లుంటే అరగంట ముందే అయిపోతుందని లెక్కేసుకోండి. నవంబరు మొదటి ఆదివారం గడియారం వెనక్కి తిప్పాక ఐదున్నరకే చీకటి మొదలవుతుంది, స్కూలు వదిలాక ఇక ఈ పని కుదరదు.

నా మాట పనికిరాని సందర్భం ఒకటుంది, బ్లూబానెట్స్. మార్చి చివర్లో, ఏప్రిల్ మొదట్లో ఆ నీలం పూల మధ్య ఒక ఫొటో లేకపోతే టెక్సాస్‌లో సీనియర్ ఫొటోలు పూర్తయినట్టు ఉండదు, పైగా ఆ పూలు విరగపూసేదే ఎండ బాగా పడే మైదానాల్లో, అక్కడ నీడ ఎక్కడ వెతుకుతాం? అక్కడికి ఉదయం నీరెండకే వెళ్లండి, సాయంత్రమైతే ప్రతి పూలగుట్ట దగ్గరా నాలుగు కుటుంబాలుంటాయి. పూలని తొక్కకుండా అప్పటికే ఉన్న కాలిబాట మీదే కూర్చోబెట్టి, కెమెరాని పూల ఎత్తుకి దించి తియ్యండి. పిల్లల్ని నిద్ర లేపడానికి మాత్రం ఒక అరగంట అదనంగా పెట్టుకోండి.