ఆస్‌బెస్టాస్: క్యాసియర్ కొండ రాయా, పులివెందుల డోలమైటా?

మన బెజవాడలో ఆస్‌బెస్టాస్ రేకులు తెలియనోళ్లు ఉండరు గానీ వాటిలోని ఆస్‌బెస్టాస్ పీచు రాయిలో ఎలా పుడుతుందో, ఏ రాయిలో ఎక్కువుంటుందో చూస్తే భలే ఉంటుందండి. కెనడాలో బ్రిటిష్ కొలంబియా కొండల్లో క్యాసియర్ అనే పాత ఆస్‌బెస్టాస్ గని ఉంది, అక్కడ మెగ్నీషియం ఎక్కువున్న పెరిడోటైట్ అనే రాయిలోకి నీళ్లు దిగి అది సర్పెంటైన్ అనే ఆకుపచ్చ ఖనిజంగా మారింది, పగుళ్లలో క్రైసోటైల్ (తెల్ల ఆస్‌బెస్టాస్ పీచు) అడ్డంగా పెరిగింది, దాంతోపాటు మాగ్నెటైట్ అనే అయస్కాంత ఇనుప ఖనిజం కూడా పుడుతుంది కాబట్టి ఇలాంటి రాయిని మాగ్నెటిక్ సర్వేతో తవ్వకుండానే పసిగట్టొచ్చు. ముదురాకుపచ్చ రాయిలో తెల్లటి చార, పట్టుదారంలా మెరుస్తుంది.

పులివెందులది వేరే కథ. అక్కడి వేంపల్లె డోలమైట్‌లోకి (సున్నపురాయి లాంటి, మెగ్నీషియం ఉన్న రాయి) డోలరైట్ అనే కరిగిన నల్లరాయి చొచ్చుకొచ్చింది, ఆ వేడికి రెండు రాళ్లూ కలిసే చోటు (కాంటాక్ట్) వెంబడి సన్నటి పట్టీలో పీచు ఏర్పడింది. ఇనుము తక్కువ, కాబట్టి పీచు శుభ్రంగా ఉంటుంది, కానీ కాంటాక్ట్ దాటితే ఏమీ దొరకదు.

ఇంకా తవ్వని కొండైతే సరుకు ఎక్కువుండే ఛాన్స్ మొదటి రకానికే, అంటే క్యాసియర్ లాంటి రాయికే. మన కొండపల్లి కొండల్లోనూ అల్ట్రామాఫిక్ రాళ్లు (పెరిడోటైట్ లాంటి, మెగ్నీషియం ఎక్కువున్నవి) ఉన్నాయి, అయితే రాయి ఉంటే చాలదు, నీళ్లు పట్టి పగుళ్లు తెరుచుకోవాలి. నన్నడిగితే రెండు రకాలనీ తవ్వకుండా వదిలేయాలి, ఎక్కడ పుట్టినా ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చు.