ఎర్త్‌స్కోప్ ఫీల్డ్ సాయం: రిసీవర్ కన్నా లాగ్ షీటే విలువైనది

భూమి పలకల కదలికనో, హిమానీనదం జారుడునో మిల్లీమీటర్లలో కొలవాలంటే ఫోన్‌లోని జీపీఎస్ పనికిరాదు. రెండు ఫ్రీక్వెన్సీల జియోడెటిక్ రిసీవర్, క్యాలిబ్రేట్ చేసిన యాంటెన్నా, రోజుల తరబడి ఆగని కరెంటు కావాలి. ఒక్క సెట్టే లక్షల్లో ఉంటుంది. అమెరికా పరిశోధకులకు ఈ సామాను అరువుగా దొరికే చోటు ఒకటుంది. 1984లో విశ్వవిద్యాలయాలు కలిసి మొదలుపెట్టిన యునావ్‌కో అది. కొలరాడోలోని బౌల్డర్ కేంద్రంగా పనిచేసేది. 2023 జనవరి 1న భూకంప శాస్త్ర సంస్థ ఐరిస్‌తో కలిసిపోయి ఎర్త్‌స్కోప్ కన్సార్షియం అయింది. పాతవాళ్ళ నోట ఇప్పటికీ యునావ్‌కోనే.

ఇక్కడ దొరికేది పెట్టెలు ఒక్కటే కాదు. స్టేషన్ ఎక్కడ పెట్టాలి, ఎన్ని రోజులు ఉంచాలి అన్న ప్రణాళిక, విద్యార్థులకు శిక్షణ, అవసరమైతే వెంట వచ్చే ఇంజనీరు, చివర్లో డేటాను భద్రపరిచే ఆర్కైవ్, అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ (ఎన్‌ఎస్‌ఎఫ్) గ్రాంటు ఉన్నవారికి ముందు వరుస. అడగాల్సింది డబ్బు చేతికొచ్చాక కాదు, గ్రాంటు దరఖాస్తు రాసేటప్పుడే. వేసవి నెలల్లో అందరికీ ఒకేసారి రిసీవర్లు కావాలి, అంటార్కిటికా సీజన్‌కు సామాను నెలల ముందే ఓడెక్కాలి. ఆలస్యంగా అడిగినవాళ్ళు మిగిలినవాటితో సర్దుకోవాలి.

సామానులో ఎక్కువ మార్కులు పడాల్సింది స్పైక్ మౌంటుకి. రాతిలో దించిన పిన్ను మీద నేరుగా నిలబడే చిన్న కాడ అది. ఎత్తు ముందే తెలుసు కాబట్టి టేపుతో కొలిచే పని లేదు, ఆ పొరపాటూ లేదు. ట్రైపాడ్ అలా కాదు. 1.5 మీటర్ల ఎత్తున యాంటెన్నాను పట్టి ఉంచే ట్రైబ్రాక్‌లోని మట్టం బుడగ 8 కోణపు నిమిషాలు పక్కకు ఉంటే అడుగున కేంద్రం 3.5 మిల్లీమీటర్లు జరుగుతుంది. దక్కన్ లాంటి నిశ్చల భూభాగంలో ఒక చోటుతో పోలిస్తే ఇంకో చోటు కదలిక ఏడాదికి అంత కూడా ఉండదు. అంటే బుడగ చేసిన తప్పే ఫలితమై కూర్చుంటుంది. బయల్దేరే ముందే ట్రైబ్రాక్‌ను 120 డిగ్రీల చొప్పున మూడుసార్లు తిప్పి, దాని కంటిగొట్టంలోని అడ్డగీత కింది గుర్తు మీంచి కదులుతోందేమో చూడాలి. కదిలితే సరిచేయించాక గానీ తీసుకెళ్ళకూడదు. స్పైక్ మౌంటుకూ ఒక లోపముంది: నేలకు దగ్గరగా ఉండటం వల్ల గడ్డి, మేకలు, వర్షపు నీరు అన్నీ దానికి పొరుగువారే.

కరెంటు లెక్క సులువు, అయినా ఎక్కువ క్యాంపెయిన్లు (కొద్ది రోజుల కొలత యాత్రలు) చెడేది ఇక్కడే. ట్రింబుల్ నెట్‌ఆర్9 లాంటి రిసీవర్ దాదాపు 4 వాట్లు తింటుంది. రోజుకు 96 వాట్-అవర్లు, 12 వోల్టుల బ్యాటరీ మీద 8 ఆంపియర్-అవర్లు. ఐదు రోజులకు 40. సీసపు బ్యాటరీని సగం కన్నా లోతుకు దించకూడదు కాబట్టి కొనాల్సింది 80 ఆంపియర్-అవర్లది. 40 చాలనుకుని వెళ్తే మూడో రోజు రాత్రికే రిసీవర్ పడుకుంటుంది. ధ్రువ ప్రాంతాల్లో ఈ లెక్క కూడా నిలవదు. చలికి బ్యాటరీ సామర్థ్యం పడిపోతుంది, నెలల తరబడి సూర్యుడే కనబడడు. అక్కడ ఇన్సులేషన్ పెట్టెల్లో పెద్ద బ్యాటరీ బ్యాంకులు, సోలార్‌కు తోడు గాలిమర, ఉపగ్రహం ద్వారా డేటా పంపే ఇరిడియం మోడెమ్ కలిపి ఏడాది పొడవునా స్టేషన్ నడపడంలో ఈ సంస్థ ఇంజనీర్లది చాలా ఏళ్ళ అనుభవం. ఈ సేవలో డబ్బిచ్చి బయట కొనుక్కోలేనిది ఏదైనా ఉందంటే అదే.

ఇక లాగ్ షీట్, అంటే స్టేషన్ వివరాలన్నీ రాసే కాగితం. చూడటానికి గుమాస్తా పనిలా ఉంటుంది, కానీ రిసీవర్ పాడైతే మరొకటి దొరుకుతుంది గానీ యాంటెన్నా ఎత్తు రాయకపోతే ఆ ఏడాది డేటా మొత్తం గోదాట్లో కలిసినట్టే. వాళ్ళ పద్ధతి ప్రకారం ట్రైపాడ్ మీద ఎత్తును మూడు వైపుల నుంచి, మొదట ఒకసారి, చివర ఒకసారి కొలవాలి. సెంటీమీటర్లలోనూ అంగుళాల్లోనూ రాస్తే ఒకదానితో ఒకటి తనిఖీ అవుతుంది. కొలిచింది నిలువునా, ఏటవాలునా? యాంటెన్నా అడుగుకా, అంచున ఉన్న గాడికా? ఈ ముక్క లేని అంకె అంకె కాదు. యాంటెన్నా పేరు కూడా 'జెఫైర్' అని రాసి వదిలేస్తే చాలదు. ఆ పేరుతో చాలా మోడళ్ళున్నాయి. జెఫైర్ జీఎన్‌ఎస్‌ఎస్ జియోడెటిక్ 2 అయితే టీఆర్‌ఎమ్57971.00 అని ఐజీఎస్ అనే అంతర్జాతీయ సంస్థ పెట్టిన సంకేతం ఉండాలి. రైనెక్స్ (అన్ని రిసీవర్ల డేటాకూ ఉమ్మడి ఫార్మాట్) ఫైలు హెడర్లో 20 అక్షరాల గడిలో మొదటి 16 యాంటెన్నాకి, చివరి 4 పైకప్పు రేడోమ్‌కి. ఒక్క ఖాళీ అటూ ఇటూ అయినా ప్రాసెసింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తుపట్టక క్యాలిబ్రేషన్ వదిలేస్తుంది. ఎత్తు సెంటీమీటర్లలో తేడా వస్తుంది.

సమయం విషయంలో మనవాళ్ళు మోసపోయే చోటు ఒకటుంది. ఫైళ్ళు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) రోజు ప్రకారం తెగుతాయి, అంటే మనకు తెల్లవారుజామున 5:30కి. సోమవారం ఉదయం 10కి పెట్టి బుధవారం ఉదయం 9కి తీసేస్తే 47 గంటలు నడిచినట్టే, కానీ పూర్తి 24 గంటల ఫైలు ఒక్కటే చేతికొస్తుంది. మూడు పూర్తి ఫైళ్ళు కావాలంటే నాలుగు రాత్రులు వదిలేయాలి. నమోదు 15 లేదా 30 సెకన్లకొకసారి చాలు.

డాక్యుమెంటేషన్ లోతుగా ఉంది, కానీ పొరలు పొరలుగా పేరుకుపోయింది. బోలెడు సూచనలు ఇంకా డేటా ఫైళ్ళను మార్చి తనిఖీ చేసే టెక్ అనే ప్రోగ్రాం చుట్టూ తిరుగుతాయి. చిన్నదే అయినా అద్భుతమైన పనిముట్టు, కానీ దాని చివరి వెర్షన్ 2019 నాటిది, రైనెక్స్ 3 దానికి తెలియదు. కొత్త ఫైళ్ళకు జర్మనీ జీఎఫ్‌జెడ్ వారి జీఎఫ్‌జెడ్ఆర్‌ఎన్‌ఎక్స్, లేదా ఆర్‌టీకే‌లిబ్‌లోని కన్‌వ్‌బిన్ నేర్చుకోవడం మేలు. పాత రిసీవర్ చేతికొస్తే మరో చిక్కు: 2019 ఏప్రిల్ 6న జీపీఎస్ వారాల లెక్క 1023 దాటి మళ్ళీ సున్నాకి వచ్చింది. ఫర్మ్‌వేర్ మార్చని కొన్ని రిసీవర్లు తేదీని 19 ఏళ్ళకు పైగా వెనక్కి రాస్తాయి. కొలతలు బాగానే ఉంటాయి. రిసీవర్ ఫైలును రైనెక్స్‌గా మార్చేటప్పుడు వారం సంఖ్య చేతితో ఇస్తే సరిపోతుంది. తేదీ చూసి డేటా పారేయకండి.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చున్నవారికి రిసీవర్ అరువు దాదాపు అందని పండు. కానీ లాగ్ షీటు, మౌంటు డిజైన్లు, పవర్ లెక్కలు చదివి వాడుకోవచ్చు. ఆర్కైవ్ డేటా కూడా దొరుకుతుంది, అయితే మునుపటిలా ఎవరైనా ఎఫ్‌టీపీలో లాక్కునే రోజులు పోయాయి. ఖాతా తెరిచి లాగిన్ కావాలి, పాత స్క్రిప్టులు పనిచేయవు. ప్రాసెసింగ్‌కు కెనడా ప్రభుత్వపు ఆన్‌లైన్ సేవ సీఎస్‌ఆర్‌ఎస్-పీపీపీకి ఫైలు పంపితే ఉచితంగా ఫలితం వస్తుంది. అందులో ఎన్‌ఏడీ83 కాకుండా ప్రపంచమంతటికీ వర్తించే చట్రమైన ఐటీఆర్‌ఎఫ్ ఎంచుకోవాలి, ఎందుకంటే మొదటిది ఉత్తర అమెరికా పలకకు కట్టిన చట్రం. ఐటీఆర్‌ఎఫ్‌లో భారత పలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా పోతుంది కాబట్టి కొలిచిన తేదీ లేని అక్షాంశ రేఖాంశాలకు అర్థం లేదు. సరిచూసుకోవడానికి హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఆవరణలోని హైడ్ అనే ఐజీఎస్ స్టేషన్ దగ్గర్లోనే ఉంది. పని మార్చి, సెప్టెంబరుల్లో అయితే సూర్యాస్తమయం తర్వాత అర్ధరాత్రి దాకా పై వాతావరణంలోని విద్యుదావేశపు పొర అయనావరణం అల్లకల్లోలంగా ఉండి సిగ్నళ్ళు తెగుతాయి. ఇది బౌల్డర్ సూచనల్లో పెద్దగా కనబడదు, మన అక్షాంశాల తలనొప్పి. ఆ నెలల్లో రెండు మూడు గంటల చిన్న సెషన్లు సాయంత్రం పెట్టుకోకండి.

అమెరికా బృందంతో కలిసి ఇక్కడ పనిచేసేవారు వాళ్ళు పంపే పెట్టె జాబితాను ముందే చదవాలి. ధ్రువ ప్రాంతాల కిట్టులో మామూలుగా ఉండే ఇరిడియం మోడెమ్‌ను టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలోకి తేవడం నేరం. దాని బదులు మామూలు సిమ్ వేసే మోడెమ్ పంపమని మొదటి ఈమెయిల్లోనే రాయండి.