వెనిగరా, నిమ్మ ఉప్పా, చింతపండా? కాళ్లకూ ఇంటికీ ఏది మేలు?

మా అత్తయ్యగారి కుడి మడమ మీద రూపాయి బిళ్లంత మచ్చ ఇప్పటికీ ఉంది. మూడేళ్ల కిందట సార్వా నాట్లప్పుడు అయింది. పొద్దున్నే మడిలో దిగితే మధ్యాహ్నం దాటాకే గట్టెక్కే మనిషి ఆవిడ. రెండు మడమలూ బీటలు తీసి, వాటిలో మట్టి ఇరుక్కుని నల్లగా గీతలు కనిపించేవి. ఎవరో ఫోన్‌లో పంపిన వీడియో చూసి, నేనే వెనిగర్‌లో గుడ్డ తడిపి ఆ పగుళ్లకు చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టి పడుకోబెట్టాను. "చల్లగా హాయిగా ఉందమ్మా" అన్నారు. ఆవిడకు పదిహేనేళ్లుగా షుగర్. పాదాల్లో స్పర్శ తగ్గిపోయింది కాబట్టి మంట తెలియలేదని నాకు తెల్లారాక గానీ అర్థం కాలేదు. గుడ్డ విప్పితే మడమ చర్మం నాని తెల్లబడి, గుడ్డతో పాటే ఊడి వచ్చింది. మానడానికి రెండు నెలలు పట్టింది.

వెనిగర్ మీద కోపంతో ఇది రాయడం లేదు. ఆ సీసా ఇప్పటికీ మా వంటింట్లో ఉంది, వారానికి రెండు మూడుసార్లు చేతిలోకి వస్తుంది. కానీ ఏ పనికి అది మేలు, ఏ పనికి నిమ్మ ఉప్పో (అంటే సిట్రిక్ ఆమ్లం పొడి) చింతపండో కొబ్బరి నూనో మేలు అన్నది తెలుసుకోవడానికి నేను కట్టిన మూల్యం ఇంకెవరూ కట్టకూడదు. పైగా కట్టింది నేను కాదు, ఆవిడ.

ముందు అదేమిటో చూద్దాం. కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్‌లో నాలుగైదు శాతం ఎసిటిక్ ఆమ్లం, మిగతాదంతా దాదాపు నీళ్లే. తాటికల్లు కుండలో రోజుల తరబడి మిగిలిపోతే ముక్కుకు ఘాటుగా తగిలే పులుపు వస్తుంది చూడండి, ఆ పులుపే ఇది. కల్లులోని ఆల్కహాలును బ్యాక్టీరియా ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. కొబ్బరి నీళ్లతోనూ చక్కటి వెనిగర్ తయారవుతుంది. కోనసీమలో కొబ్బరి కొట్టే చోట నీళ్లు నేలపాలు కావడం చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. సరే, ఏ వెనిగర్ అయినా చేసే పని ఒక్కటే, ఆమ్లం చేసే పని. సున్నాన్ని కరిగిస్తుంది, నీచు వాసనను విరుస్తుంది, కొన్ని రకాల సూక్ష్మజీవులను అణుస్తుంది. జిడ్డు వదిలించడం దానికి అంతగా చేతకాదు. చర్మానికి తేమ ఇవ్వడం అసలే చేతకాదు.

కాళ్ల విషయానికొస్తే, మన దగ్గర బాధలు మూడు రకాలు. మూడింటినీ ఒకటే అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది.

మొదటిది వాసన. రోజంతా బూట్లలో ఉండే బడిపిల్లలకు, రొయ్యల చెరువుల మీద గమ్‌బూట్లతో తిరిగే వాళ్లకు ఇది మామూలే. చెమటకు దానంతట దానికి పెద్ద వాసన ఉండదు. చర్మం మీది బ్యాక్టీరియా దాన్ని తిని వదిలే పదార్థాలదే ఆ కంపు. ఇక్కడ వెనిగర్ నిజంగా పనికొస్తుంది. ఒక వంతు వెనిగర్‌కు రెండు వంతుల గోరువెచ్చని నీళ్లు కలిపి, అందులో పదిహేను నిమిషాలు పాదాలు పెట్టి, మంచినీళ్లతో కడిగి, వేళ్ల సందులు కూడా పొడిగా తుడవాలి. చర్మం ఎక్కడా తెగి ఉండకూడదు, పగుళ్లు ఉండకూడదు. కల్లుప్పు వేసిన వేడినీళ్లు అలసట తీరుస్తాయి గానీ వాసన దగ్గర నా ఓటు వెనిగర్‌కే. బూట్లను మాత్రం వెనిగర్‌తో తడపకండి. ఎండలో పెట్టి, రెండు జతలు మార్చి మార్చి వేసుకుంటే చాలు.

రెండోది వేళ్ల సందులు పాచిపోవడం. జూలై నుంచి మొదలవుతుంది. నాట్లు, కలుపు, వాన, మడిలో నీళ్లు. చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య చర్మం తెల్లగా నాని, చివరకు చీరుకుపోయి మండుతుంది. చాలాసార్లు ఇది ఫంగస్. వెనిగర్ నీళ్లు వాసన తగ్గించి కాస్త ఉపశమనం ఇచ్చినట్టు అనిపిస్తాయి గానీ ఫంగస్‌ను పూర్తిగా వదిలిస్తాయని నమ్మకం పెట్టుకోలేం. చర్మం చీరుకున్నాక పోస్తే ప్రాణం పోయినంత మంట. మందుల షాపులో దొరికే క్లోట్రిమజోల్ లాంటి క్రీము దీనికి మేలు. మచ్చ పోయిందని రెండు రోజులకే ఆపేయకుండా, తగ్గాక కూడా మరో రెండు వారాలు రాయాలి. అడిగీ అడగకముందే చేతిలో పెట్టే "అన్నీ కలిసిన" క్రీముల్లో స్టెరాయిడ్ ఉందేమో చూసుకోండి. దురద వెంటనే తగ్గుతుంది, లోపల ఫంగస్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ గోరింటాకు గురించి చెప్పకపోతే మా అమ్మమ్మ ఊరుకోదు. ఆషాఢంలో చేతులకు పెట్టుకోగా మిగిలిన ముద్దను వేళ్ల సందుల్లో కూరి, పాతగుడ్డ చుట్టి పడుకోమనేది. నాట్లకు వెళ్లేవాళ్లకు అది ముస్తాబు కాదు, జాగ్రత్త. గోరింటాకులోని రంగు పదార్థానికి ఫంగస్‌ను అణిచే గుణం ఉంది. పాచకముందు పెట్టుకోవడానికి ఇప్పటికీ దాన్ని మించింది నాకు కనిపించలేదు. పాచి, చీరుకున్నాక మాత్రం క్రీమే. గోరింటాకంటే చెట్టు ఆకు నూరినదే, బజారు కోన్ కాదు.

మూడోది పగుళ్లు. దీనికి వెనిగర్ వద్దు. సగం కలిపినా వద్దు, తేనె కలిపినా వద్దు. మడమ పగిలేదే చర్మంలో తేమ, మెత్తదనం పోయి. ఆమ్లమేమో మిగిలి ఉన్న తేమను కూడా లాగేసి, చీలికలో దిగి లోపలి పచ్చి చర్మాన్ని కాలుస్తుంది. మా ఇంట్లో ఇప్పుడు చేసేది ఇది. రాత్రి పాదాలు కడిగి, మెత్తటి తువ్వాలుతో అద్ది, ఆ తడి పూర్తిగా ఆరకముందే వ్యాజలైన్ దట్టంగా పట్టించి నూలు సాక్సులు వేయడం. కొబ్బరి నూనె మన పెరటిదే, మంచిదే, కానీ అరగంటలో మంచం దుప్పటికి అంటుకుపోతుంది. ఆముదం చిక్కగా ఉండి ఎక్కువసేపు నిలుస్తుంది. తేమ పట్టి ఉంచడంలో వ్యాజలైన్ ఈ రెండింటి కంటే మేలు. మడమ అంచు గట్టిపడి కొయ్యలా అయితే మందుల షాపులో యూరియా క్రీము అడగండి, పది నుంచి ఇరవై అయిదు శాతం వరకు ఉంటుంది. పొలంలో చల్లే యూరియా నీళ్లలో కలిపి రాసుకున్న మనిషి మా వీధిలోనే ఉన్నాడు కాబట్టి చెబుతున్నాను, అది వేరు, ఇది వేరు. లోతు పగుళ్లతో మడిలో దిగకపోవడం మంచిది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి వచ్చే జ్వరం అలాంటి చీలికల గుండానే ఒంట్లోకి పోతుంది.

షుగర్ ఉన్నవాళ్లు వెనిగర్‌లోనే కాదు, ఉప్పు నీళ్లలో కూడా పాదాలు నానబెట్టకూడదు. కడిగి, తుడిచి, రోజూ అరికాలు చూసుకోవాలి. వంగలేకపోతే కింద అద్దం పెట్టి చూడాలి, లేదా ఇంట్లో ఇంకొకరు చూడాలి. అత్తయ్యగారి పాదాలు రోజూ రాత్రి నేనే చూస్తాను. నీళ్ల వేడి కూడా నా మోచేత్తో చూశాకే పోస్తాను.

ఇక ఇల్లు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి డెల్టాకు కాలువ నీళ్లే ఆధారం. ఆ నీళ్లతో కుళాయికి గార అంతగా పట్టదు. కానీ వేసవిలో కాలువలు కట్టేశాక, సముద్రం దగ్గర ఊళ్లలో ఏడాది పొడవునా, బోరు నీళ్లే గతి. షవర్ రంధ్రాలు మూసుకుపోతాయి, కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది, స్టీలు బిందె లోపల వేలు పెడితే గరుగ్గా తగులుతుంది. ఆ పెచ్చు ఎక్కువగా కాల్షియం కార్బొనేటే, అంటే సున్నపురాయి జాతి. ఆమ్లం తగలగానే నురగలా బుడగలొచ్చి కరిగిపోతుంది.

ఆ రాత్రి నేను మడమకు చేసింది నిజానికి కుళాయికి చేయాల్సిన పని. గుడ్డ వెనిగర్‌లో తడిపి కుళాయి మూతికి చుట్టి, పైన కవరు కట్టి, అరగంట ఆగి విప్పి, పాత బ్రష్‌తో రుద్దితే గార పొడిపొడిగా రాలుతుంది. అరగంట చాలు, రాత్రంతా ఉంచితే మెరుపు పూత పోతుంది. షవర్‌కూ ఇదే పద్ధతి.

కెటిల్‌కు, వాషింగ్ మెషీన్‌కు మాత్రం నేను వెనిగర్ మానేసి నిమ్మ ఉప్పు పట్టుకున్నాను. లీటరు నీళ్లకు రెండు పెద్ద చెంచాలు వేసి కాచి, అరగంట వదిలి పారబోసి, రెండుసార్లు మంచినీళ్లు కాచి పారబోయాలి. వెనిగర్‌తో చేస్తే మర్నాటి కాఫీలో కూడా ఆ ఘాటు తగిలేది. దీనికి వాసన లేదు, ఒక పొట్లం చాలా రోజులు వస్తుంది. మెషీన్‌లోని రబ్బరు భాగాలకు మాటిమాటికీ వెనిగర్ తగలడం అంత మంచిది కాదు కూడా.

నీచు వాసన దగ్గర పోటీ గట్టిది. రొయ్యలు ఒలిచిన చేతులు సబ్బుతో మూడుసార్లు కడిగినా గోళ్ల సందుల్లో వాసన ఉండిపోతుంది. నీచుకు కారణమైన ట్రైమిథైలమైన్‌కు క్షారగుణం ఉంది, పులుపు తగిలితే ఆవిరి కాని లవణంగా మారి నీళ్లతో కొట్టుకుపోతుంది. చేతులకు పిండేసిన నిమ్మడొప్ప మేలు, గోళ్ల కింద కూడా దూరుతుంది. సింకు, ప్లాస్టిక్ పళ్లెం, చెత్తబుట్ట మూతకు వెనిగర్ మేలు. కత్తిపీటకు రెండూ వద్దు, ఇనుము తుప్పు పడుతుంది. గోదారికి ఎర్రనీరు వచ్చి పులస దొరికిన రోజున మాత్రం చేప దగ్గరికి వెనిగర్ రానివ్వను. ఉప్పు, పసుపు, చింతపండు పులుసు చాలు దానికి.

ఇత్తడికి చింతపండే. కార్తీక మాసం ముందు దీపపు కుందులన్నీ దించి, నానిన చింతపండు గుజ్జులో కల్లుప్పు కలిపి కొబ్బరి పీచుతో తోమితే వచ్చే పసిమి వెనిగర్‌తో రాదు. వెనిగర్ నీళ్లలా జారిపోతుంది. గుజ్జు అంటిపెట్టుకుని ఉండి, పని అయ్యేదాకా కదలదు. కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడవకపోతే మళ్లీ మచ్చలు పడతాయి.

కిటికీ అద్దాలకు సగం వెనిగర్, సగం నీళ్లు, పాత న్యూస్‌పేపరు. అంతే.

నేల దగ్గర మాత్రం ఆగాలి. నాపరాయి, మార్బుల్, మొజాయిక్, ఇవన్నీ సున్నపురాయి సంతతే. కుళాయి మీద గారను కరిగించే ఆమ్లానికి ఇది గార, ఇది మన ఇంటి నేల అని తేడా తెలియదు. మా వంటింటి నాపరాయి మీద ఒకసారి కోసిన నిమ్మచెక్క రాత్రంతా ఉండిపోతే, ఆ చెక్క ఆకారంలోనే మెరుపు పోయిన గుండ్రటి మచ్చ మిగిలింది. ఎంత తుడిచినా పోలేదు. నేలకు సబ్బునీళ్లే మంచివి. వంటసోడాలో వెనిగర్ పోసి పొంగించే చిట్కా కూడా చాలామంది చెబుతారు. పొంగు చూడ్డానికి బాగుంటుంది గానీ రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, మిగిలేది ఉప్పునీళ్ల లాంటిదే. సోడాతో విడిగా రుద్దండి, వెనిగర్‌తో విడిగా కడగండి.

అన్నిటికన్నా భయపడాల్సింది బ్లీచింగ్. లంక గ్రామాల్లో వరద తీశాక ఇంటింటికీ బ్లీచింగ్ పౌడర్ ఇస్తారు. నూతిలో వేస్తాం, వాకిట్లో చల్లుతాం, బాత్రూం కడుగుతాం. దాని మీద వెనిగర్ గానీ నిమ్మ ఉప్పు గానీ టాయిలెట్ యాసిడ్ గానీ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న బాత్రూంలో అది ఊపిరి తిత్తులను దెబ్బతీస్తుంది. బాగా శుభ్రం కావాలని రెండూ కలిపేవాళ్లు నాకు తెలుసు. పొరపాటున కలిసి, కళ్లు మండి దగ్గు మొదలైతే బకెట్ అక్కడే వదిలి బయటకు, గాలిలోకి వచ్చేయాలి. వరద బురద కడగడానికి బ్లీచింగే మేలు, వెనిగర్ ఆ పనికి చాలదు. మా ఇంట్లో బ్లీచింగ్ డబ్బా పెరట్లో గూట్లో ఉంటుంది, వెనిగర్ సీసా వంటింటి అలమరలో. ఒకటి తీసిన రోజున రెండోదాన్ని ముట్టుకోను.